రెండూ మంచివే.. మరి ఏది కొనాలి?

రాత్రి పదకొండు దాటింది. ల్యాప్‌టాప్‌లో రెండు ట్యాబ్‌లు తెరిచే ఉన్నాయి. ఒకదాంట్లో సెన్‌హైజర్ హెచ్‌డీ 600, రెండోదాంట్లో హెచ్‌డీ 650. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లో నెలనెలా మిగిల్చిన డబ్బు ఖాతాలో ఉంది. ఆఫర్ లెటర్ వచ్చింది కానీ జాయినింగ్ తేదీ ఇంకా రాలేదు. ఒక రివ్యూ ‘600 తీసుకో’ అంటుంది. దాని కిందిది ‘650 ముందు అది దిగదుడుపే’ అంటుంది. వారం రోజులుగా ఇదే తంతు.

సంగీతమంటే ప్రాణం పెట్టే కుర్రకారులో చాలామందికి ఇది తెలిసిన తలనొప్పే. ఒకటి చెడ్డదైతే నిర్ణయం సులువు. రెండూ మంచివైనప్పుడే చిక్కంతా. అలాంటప్పుడు ఎలా తేల్చుకోవాలో ఈ రెండింటినే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

అన్నదమ్ముల్లాంటివి

హెచ్‌డీ 600 మార్కెట్లోకి వచ్చింది 1997లో. హెచ్‌డీ 650 వచ్చింది 2003లో. ఫోన్లు ఏడాది తిరక్కుండానే పాతబడిపోయే రోజుల్లో, ఇన్నేళ్లుగా అమ్ముడవుతూ ఉండటమే వీటి గొప్ప. రెండూ చెవిని పూర్తిగా కప్పుతాయి. రెండూ ఓపెన్ బ్యాక్ రకం. అంటే చెవి కప్పుల బయటి వైపు మూసి ఉండదు, జాలీ ఉంటుంది. గాలి, శబ్దం అటూ ఇటూ ఆడతాయి. అందుకే పాట తలలోపల ఇరుక్కున్నట్టు కాకుండా కాస్త బయట వినిపిస్తున్నట్టు ఉంటుంది. రెండింటి బరువూ సుమారు 260 గ్రాములు. ఇంపీడెన్స్ రెండింటికీ 300 ఓమ్‌లే. కేబుల్, ఇయర్ ప్యాడ్‌లు, తలపట్టీ మెత్త విడిగా దొరుకుతాయి. పాడైన భాగాన్ని మార్చుకుంటే సరిపోతుంది.

మరి తేడా ఎక్కడ? స్వరంలో. 600లో గొంతు, వయొలిన్ లాంటివి కాస్త ముందుకొచ్చి, స్పష్టంగా వినిపిస్తాయి. 650లో కింది స్వరాలు కొంచెం నిండుగా, పై స్వరాలు కొంచెం మెత్తగా ఉంటాయి. నాదస్వరం లాంటి పదునైన వాద్యం గంటసేపు విన్నా చెవి అలసిపోకూడదు అనుకునేవాళ్లకు 650 హాయి. ఘంటసాల గొంతులో ప్రతి పలుకూ విప్పి చూపించాలి అనుకునేవాళ్లకు 600 నచ్చుతుంది. అయితే ఇది నేలకూ నింగికీ ఉన్నంత తేడా కాదు. ఒకే కూరలో ఉప్పు చిటికెడు అటూ ఇటూ అయినంత. ఇక డీజే పాటల్లో గుండె అదిరే బాస్ కావాలంటే రెండూ నిరాశపరుస్తాయి. అట్టడుగు బాస్ ఈ రెండింటికీ బలం కాదు.

డబ్బా మీది అంకెలు

స్పెసిఫికేషన్లు చూసి తేల్చేద్దాం అనుకుంటే అక్కడే బోల్తా పడతాం. రెండు డబ్బాల మీదా 40 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల దాకా పలుకుతాయని ఉంటుంది. మనిషి చెవికి వినిపించేది సుమారు 20 నుంచి 20 వేల హెర్ట్జ్ వరకే. వయసు పెరిగేకొద్దీ పై హద్దు ఇంకా తగ్గుతుంది. సీడీలో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి కాబట్టి 22,050 హెర్ట్జ్ దాటిన ధ్వని అందులో అసలు ఉండదు. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో చదివిన నైక్విస్ట్ సూత్రం ఇదే. డిస్టార్షన్ 600కు 0.1 శాతం లోపు అని, 650కి 0.05 శాతం లోపు అని కంపెనీ చెబుతుంది. సగానికి సగం తగ్గిందని సంబరపడొద్దు. పాట వింటున్నప్పుడు ఆ స్థాయిలో తేడాను చెవి పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

పట్టించుకోవాల్సిన అంకె ఒకటుంది. అదే 300 ఓమ్‌లు. ఇంటర్‌లో చదివిన సూత్రమే, పవర్ అంటే వోల్టేజ్ వర్గాన్ని నిరోధంతో భాగించడం. ఒక వోల్ట్ ఇస్తే 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు 31 మిల్లీవాట్లు అందుతాయి. అదే వోల్ట్‌కు 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కు అందేది 3.3 మిల్లీవాట్లే. అందుకే మామూలు డాంగిల్‌తో కొన్ని పాత రికార్డింగ్‌లు, కచేరీలు చిన్నగా వినిపించవచ్చు. తగినంత వోల్టేజ్ ఇచ్చే డాంగిల్ గానీ, చిన్న యాంప్ గానీ కావాల్సి వస్తుంది. ఆ ఖర్చు కూడా హెడ్‌ఫోన్స్ ధరలో భాగమే అనుకోండి. ఈసీఈ వాళ్లయితే ఈ లెక్కను మరచిపోకండి. ‘ఇంపీడెన్స్ ఎక్కువుంటే ఏమవుతుంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే పుస్తకంలోని నిర్వచనం కంటే ఈ ఉదాహరణ బాగా పనికొస్తుంది.

కళ్లు మూసుకుని వినండి

1994లో హర్మన్ సంస్థకు చెందిన ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ఒక ప్రయోగం చేశారు. ఒకే స్పీకర్లను శ్రోతలకు ఒకసారి కనిపించేలా, మరోసారి తెర వెనక పెట్టి వినిపించారు. కనిపించినప్పుడు పెద్దవాటికి, అందమైనవాటికి మార్కులు పెరిగాయి. తెర పడ్డాక ఆ తేడాలు బాగా తగ్గిపోయాయి. ఆ శ్రోతలు కూడా ఆ కంపెనీ ఉద్యోగులే. ధ్వని సంస్థలో పనిచేసేవాళ్ల చెవినే కన్ను మోసం చేస్తే మనమెంత?

అందుకని వీలైతే రెండింటినీ విని చూడండి. పెద్ద నగరాల్లో డెమో ఇచ్చే ఆడియో దుకాణాలు ఉంటాయి. లేదంటే స్నేహితుల దగ్గర దొరకొచ్చు. వినేటప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకోండి.

* రెండింటి వాల్యూమ్ సమానంగా ఉండాలి. కొంచెం గట్టిగా మోగినదే ‘బాగుంది’ అనిపించడం చెవి లక్షణం. చాలా పోలికలు చెడిపోయేది ఇక్కడే.

* బాగా తెలిసిన పాటలే పెట్టండి. ఒక పాత మోనో పాట, ఇళయరాజా తీగవాద్యాలున్న పాట ఒకటి, ఒక కర్ణాటక కచేరీ, ఈ ఏడాది పాట ఒకటి. నాలుగు చాలు.

* రెండింటి ఆకారం, బరువు దాదాపు ఒకటే కాబట్టి కళ్లు మూసుకుని, ఫ్రెండ్‌ను మార్చి పెట్టమనండి. పదిసార్లు మార్చినా ఏది ఏదో చెప్పలేకపోతే తక్కువ ధరది తీసుకోండి. అదే సరైన నిర్ణయం.

* కొత్తదాన్నీ, ప్యాడ్‌లు అరిగిపోయిన పాతదాన్నీ పోల్చకండి. ప్యాడ్ నలిగితే స్వరమూ మారుతుంది.

* కనీసం అరగంట పెట్టుకుని చూడండి. కొత్తవి తలను కాస్త గట్టిగానే పడతాయి.

అసలు ఇప్పుడు కావాలా?

ఇది ఏ రివ్యూలోనూ ముందు అడగని ప్రశ్న. మీరు ఉంటున్నది ముగ్గురు కలిసుండే పీజీ గదా? అయితే ఓపెన్ బ్యాక్ వద్దు. మీరు వినే పాట పక్క మంచం మీదివాళ్లకూ వినిపిస్తుంది. వాళ్ల ఫోన్ సంభాషణ మీకూ వినిపిస్తుంది. బస్సుకు, మెట్రోకు అసలు పనికిరాదు. బయటి రొదను మించాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు. వీటికి మైక్ లేదు, బ్లూటూత్ లేదు. రేపటి ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు మైక్ ఉన్న మామూలు వైర్ ఇయర్‌ఫోనే దిక్కు.

డబ్బు లెక్క కూడా వేసుకోండి. ఉదాహరణకు మొత్తం 30 వేలు పెట్టి పదేళ్లు వాడితే నెలకు 250 రూపాయలు. వినడానికి తక్కువే. కానీ ఆ 30 వేలు ఇవాళే చేతిలోంచి పోతాయి. జాయినింగ్ రెండు నెలలు జరిగితే? కొత్త ఊళ్లో గది అడ్వాన్స్, మొదటి నెల తిండి ఖర్చు ఎక్కడి నుంచి వస్తాయి? మొదటి జీతం చేతికొచ్చే వరకూ బతకడానికి సరిపడా డబ్బు పక్కన పెట్టాక మిగిలితేనే కొనండి. ఇంట్లో అప్పు చేసి చదివించిన వాళ్లయితే ఈ మాట రెండుసార్లు చదవండి. ఈఎంఐ ఉంది కదా అంటారేమో. జీతం మొదలవకముందే కిస్తీ మొదలవడం మంచి ఆరంభం కాదు. ఈ మోడళ్లు ఇరవై ఏళ్లకు పైగా దొరుకుతున్నాయి. ఆరు నెలలు ఆగితే ఎక్కడికీ పోవు.

చెవికి గ్యారంటీ కార్డు లేదు

ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్స్ అయినా పాడైతే మార్చుకోవచ్చు. చెవిలోపలి సూక్ష్మ రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో వంద కోట్లకు పైగా యువత సురక్షితం కాని వినే అలవాట్ల వల్ల వినికిడి కోల్పోయే ముప్పులో ఉంది. ఆ సంస్థ చెప్పే హద్దు: 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే పదే. విన్నాక చెవుల్లో గుయ్‌మంటుంటే అది హెచ్చరిక. మంచి హెడ్‌ఫోన్స్ అసలు లాభం తక్కువ వాల్యూమ్‌లోనూ అన్నీ వినిపించడమే. దాన్ని వాడుకోండి.

ఈ పిచ్చి కెరియర్ అవుతుందా?

రెండు హెడ్‌ఫోన్స్ మధ్య తేడా పట్టుకుని, దాన్ని మాటల్లో చెప్పగలిగితే అది నైపుణ్యమే. సినిమా సౌండ్, డబ్బింగ్, గేమ్ ఆడియో, ఆడియో పరికరాల టెస్టింగ్, స్పీచ్ టెక్నాలజీ లాంటి రంగాల్లో దానికి విలువుంది. పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలలో సౌండ్‌కు ప్రత్యేక కోర్సులున్నాయి. 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి ఎఫ్‌టీఐఐలో చదివినవారే. ఈ దారిలోకి వెళ్లాలనుకునేవాళ్లు హెడ్‌ఫోన్స్‌తో మొదలుపెట్టక్కర్లేదు. ఉన్న ఇయర్‌ఫోన్‌తోనే రోజూ ఒక పాట తీసుకుని, అందులో ఎన్ని వాద్యాలున్నాయో, ఏది ఎటువైపు నుంచి వినిపిస్తోందో నోట్‌బుక్‌లో రాయండి. మూడు నెలల్లో చెవి ఎంత మారిందో మీకే తెలుస్తుంది. ఆ నోట్‌బుక్‌ను కోర్సు ఇంటర్వ్యూకూ పట్టుకెళ్లొచ్చు.

ఇక తీర్పు. గొంతు, శాస్త్రీయ సంగీతం, మిక్సింగ్ నేర్చుకోవడం మీ ధ్యేయమైతే 600. రాత్రి పనయ్యాక గంటలు గంటలు హాయిగా వినడమే కావాలంటే 650. ఎటూ తేల్చుకోలేకపోతే ఆ రోజు ఏది చవగ్గా దొరికితే అది. హాస్టల్లో ఉన్నా, జీతం మొదలవకపోయినా ప్రస్తుతానికి రెండూ వద్దు.

రేపు రెండు ఆఫర్ లెటర్లు చేతికొచ్చినా ఇదే పద్ధతి పనికొస్తుంది. పేరు కనబడకుండా మూసి చూడండి. మీ రోజు ఎలా గడుస్తుందో, చేతిలో ఏం మిగులుతుందో లెక్కేయండి. ఆ తర్వాత ఒకటి ఎంచుకుని, రెండో ట్యాబ్ మూసేయండి.