కోచ్ మాట ఎంతవరకు చెల్లుతుంది?

"ఆడేది ఆటగాళ్ళు, డబ్బు పెట్టేది క్లబ్బు. మధ్యలో కోచ్ చేసేదేముంది?" 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అందులో అజయ్ దేవగణ్ వేసిన పాత్ర మన హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ది. ఆయన అసలు బడిపంతులు.

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చేనాటికే దానికో పేరుంది, అలవాటైన ఆటతీరుంది. బంతిని కాళ్ళ దగ్గరే పెట్టుకుని నలుగురిని తప్పించుకుపోతే చప్పట్లు కొట్టే రోజులవి. ఆ అలవాటు మాన్పించడానికి రహీమ్ డ్రిబ్లింగ్ చెయ్యకూడని పోటీలు పెట్టారు. వాటంలేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ! ఎడమ చేత్తో ఉల్లిపాయలు తరగమంటే మనకెలా ఉంటుందో ఆలోచించండి. ఆ జట్టే 1950 నుంచి వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది.

దేశం జట్టుకూ ఆయనే కోచ్. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడినవాళ్ళు, 1956 మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. రహీమ్ ఆయన్ని ముందువరసలో ఆడించారు. దక్షిణ కొరియాతో ఫైనల్లో మన రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌దే. 2-1తో బంగారు పతకం. మరుసటేడు జూన్‌లో క్యాన్సర్‌తో రహీమ్ పోయారు. ఆ పతకం మళ్ళీ మనకు రాలేదు.

అయితే అంతా కోచ్ మహిమేనా? కాదంటాను. పోలీసు జట్టులో ఆటగాడికి ఉద్యోగం ఉండేది, జీతం వచ్చేది. మొన్నమొన్నటి హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతే చూడండి. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ దగ్గర 2022లో ఐఎస్‌ఎల్ గెలిచింది. 2023లో ఆయన వెళ్ళిపోయారు. జీతాలందక ఆటగాళ్ళూ వెళ్ళిపోయారు. 2023-24లో ఒక్క మ్యాచే గెలిచి అట్టడుగున మిగిలింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. పొయ్యిలో కట్టె లేకుండా వంటావిణ్ణి మారిస్తే అన్నం ఉడుకుతుందా?

మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలకు కోచ్ అంటే బళ్ళో డ్రిల్లు మాస్టారే. రహీమ్ కూడా బళ్ళోంచి వచ్చినవారే కదా అని నాకో ఆశ. కానీ పరీక్షలు దగ్గరపడితే మొదట పోయేది ఆటల పీరియడే. ఆడపిల్లలకైతే ఇంకా ముందే పోతుంది, పెద్దమనిషయితే మనమే ఆపేస్తాం.

పుంగనూరులో మా బంధువులమ్మాయి తొమ్మిదో తరగతి, బంతి వెంట గాలిలా ఉరుకుతుంది. "మీ మాస్టారు బాగా నేర్పిస్తారా?" అనడిగితే, "మంచోరే అత్తా, ఆడుకునేదానికి పీరియడ్డేదీ?" అంది. టైంటేబుల్ తెప్పించి చూశాను. వారానికి రెండు ఆటల పీరియడ్లు రాసున్నాయి. రెండింట్లోనూ లెక్కలు చెప్తున్నారట.