బ్యాటు పుట్టుక చెప్పు గీతలు

నేడు క్రికెట్ బ్యాటు కొనుటకు అంగడికి పోనక్కరలేదు. అంతర్జాలములో బొమ్మ చూచి వెల చెల్లించినచో బ్యాటు ఇంటికే వచ్చును. ఈ సౌకర్యముతోపాటు ఒక చిక్కు కూడ వచ్చినది. అంగడిలోనైతే బ్యాటును చేతబట్టి, బరువు చూచి, తట్టి చూడవచ్చును. బొమ్మను తట్టి చూడలేము గదా! బొమ్మలో అన్నిటికంటె స్ఫుటముగా కనబడునది స్టిక్కరు. నకిలీ చేయుటకు అన్నిటికంటె సులభమైనదియు అదియే. ‘ఇంగ్లీషు విల్లో’ అని అచ్చువేసిన కాగితము అంటించినంత మాత్రాన కఱ్ఱ గుణము మారదు. కావున బ్యాటు కొనువారు కాగితమును గాక కఱ్ఱను చదువ నేర్వవలెను.

బ్యాటు పలకకు విల్లో కఱ్ఱ వాడుదురు. ఇంగ్లీషు విల్లో అనునది సాలిక్స్ ఆల్బా అను జాతిలో సెరూలియా అను రకము. ఈ కఱ్ఱ తేలికయైనది. అయినను దెబ్బకు సులభముగా చీలదు. దాని కణముల గోడలు పలుచనివి, లోపల గాలి నిండియుండును. పలకను యంత్రములో అదిమినపుడు పైపొర గట్టిపడి బంతి దెబ్బను ఓర్చుకొనును. ఇంగ్లండులో పెరిగిన ఈ కఱ్ఱ దిమ్మలను మీరట్, జలంధర్ పట్టణములలోని తయారీదారులు దిగుమతి చేసికొందురు. మన కాశ్మీరులో కూడ విల్లో పెరుగును. అనంతనాగ్ జిల్లాలోని సంగం, బిజ్‌బెహారా ప్రాంతములలో బ్యాటుల కర్మాగారములు కలవు. కాశ్మీరు కఱ్ఱ సాధారణముగా కొంచెము బరువుగాను, గోధుమ వన్నెగాను ఉండును. వెల చాల తక్కువ. అది చెడ్డ కఱ్ఱ కాదు; నేర్చుకొను విద్యార్థులకు చక్కగా పనికివచ్చును. దానిని ఇంగ్లీషు విల్లో అని చెప్పి హెచ్చు వెలకు అమ్ముటయే మోసము.

బ్యాటు ముఖముపై నిలువుగా కొన్ని గీతలు కనబడును. ఇవి చెట్టు వార్షిక వలయములు. వసంతమున చెట్టు వేగముగా పెరుగును. అప్పటి కణములు పెద్దవి. ఋతువు చివర పెరుగుదల మందగించును. అప్పటి కణములు చిన్నవి, దట్టమైనవి. ఆ దట్టమైన పొరయే మనకు గీతగా తోచును. ఒక గీత ఒక సంవత్సరము.

ఇచట చిన్న లెక్క చేయవచ్చును. నియమముల ప్రకారము బ్యాటు వెడల్పు 10.8 సెంటీమీటర్లకు మించరాదు. ఆ వెడల్పులో 8 గీతలున్నవనుకొందము. అనగా ఏటికి సుమారు 1.35 సెంటీమీటర్ల పొర పెరిగినది. మ్రానుకు ఇరువైపుల పెరుగును గనుక వ్యాసము ఏటికి 2.7 సెంటీమీటర్లు హెచ్చును. ఇదే వేగమున 15 ఏండ్లలో వ్యాసము సుమారు 40 సెంటీమీటర్లగును. విల్లో చెట్లను నాటిన 15, 20 ఏండ్లకు కొట్టుదురు. మన లెక్క దీనితో సరిపోయినది.

మోసగాండ్రు సాదా కఱ్ఱపై ఇట్టి గీతలను రంగుతో వేయుదురు. వీనిని కనిపెట్టుట ఎట్లు? వలయము ఉపరితలమున గీచిన గీత కాదు. కఱ్ఱ లోపలికి సాగు పొర. కావున ముఖముపైనున్న గీత పలక అడుగు కొన దగ్గర ఆగిపోక, కొనమీదుగా వీపువైపునకు సాగవలెను. రంగు గీత అంచుదగ్గరనే అంతమగును. రెండవ గుర్తు: అన్ని సంవత్సరముల వానలు ఒకే తీరుగ ఉండవు గనుక వలయముల నడుమ ఎడము కొంచెమైన మారుచుండును. కొలబద్దతో గీచినట్లు సమదూరముననున్న గీతలను శంకింపవలెను. తెల్లదనము మాత్రము ప్రమాణము కాదు; రసాయనములతో ఎట్టి కఱ్ఱనైనను తెల్లబరచవచ్చును.

ఈ పరీక్షకు ఒక హద్దు కలదు. పోప్లర్ కఱ్ఱను విల్లో అని అమ్మువారును కలరు. పోప్లర్ విల్లో కుటుంబమునకే చెందినది. దాని వలయములు కూడ నిజమైనవే. కంటితో ఈ రెంటిని వేరుచేయుట కష్టము. సూక్ష్మదర్శినిలో మాత్రము భేదము తెలియును. మ్రానులో నడుమనుండి బయటికి సాగు కణపంక్తులను కిరణములందురు. పోప్లర్ కిరణములలో కణములన్నియు అడ్డముగా పండుకొన్న ఒకే రూపమువి. విల్లోలోనైతే కిరణపు అంచుల నిలువు కణములు కూడ ఉండును.

పిడిని కూడ చూడవలెను. మంచి బ్యాటు పిడిని పేము బద్దలతో, నడుమ రబ్బరు పెట్టి చేయుదురు. దాని క్రింది కొనను పలకలో ఇంగ్లీషు ‘వి’ అక్షరమువలె దిగగొట్టి అతికింతురు. బంతి తగిలినపుడు పుట్టు అదురును పేము, రబ్బరు తగ్గించి చేతులను కాపాడును.

అంతర్జాలములో కొనువారు పగటి వెలుతురున తీసిన నాలుగు ఛాయాచిత్రములు అడుగవలెను: ముఖము, వీపు, అంచు, తొడుగు లేని అడుగు కొన. బరువెంతయో అడిగి వ్రాయించుకొనవలెను. కట్ట విప్పునపుడు చిత్రీకరించుట మంచిది. గీతలు చూడకముందే అవిసె నూనె పూయరాదు. పూసిన సరుకును తిరిగి తీసికొనకపోవచ్చును. 2020 నాటి ఇ-వాణిజ్య నియమముల ప్రకారము విక్రయ సంస్థ ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యతో ఫోను చేయవచ్చును.

నకిలీ బ్యాటువలన నష్టపోవునది కొన్నవాడు మాత్రమే కాదు. తన కఱ్ఱను తన పేరుతోనే నిజాయితీగా అమ్ముకొను కాశ్మీరు పనివానికిని నష్టమే. ఉపాధ్యాయులు తరగతిలో ఒక టేకు దుంగ ముక్కను చూపి వలయములు లెక్కింపజేయవచ్చును. పిమ్మట ఆటస్థలమునుండి ఒక బ్యాటును తెప్పించి, దాని అడుగు కొనను చూపుడు. అక్కడ గీతలు సాగినవో, ఆగినవో పిల్లలే చెప్పగలరు.