భాగం 7: 18వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండులో పుస్తక ప్రచురణ

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:

• 1695 తరవాత ఇంగ్లండులో ముద్రణ విస్తరించడానికి కారణాలు
• 1710 నాటి గ్రంథస్వామ్య చట్టంలోని ముఖ్యాంశాలు, వాటి పరిమితులు
• చేతి ముద్రణ యంత్రంపై పుస్తకం తయారయ్యే పద్ధతి, పుస్తకాల ధరలు
• పాత పుస్తకం ముఖపత్రాన్ని చదివి అర్థం చేసుకొనే విధానం

7.1 పరిచయం

1719 ఏప్రిల్ 25న విలియం టేలర్ అనే లండన్ పుస్తక విక్రేత ఒక కొత్త పుస్తకాన్ని అమ్మకానికి పెట్టాడు. ధర 5 షిల్లింగులు. ముఖపత్రం మీద రచయిత పేరు లేదు. ఓడ మునిగి ఒంటరి దీవిలో చిక్కుకొన్న నావికుడు తన కథను తానే రాసుకొన్నట్లు ముద్రించారు. అదే డేనియల్ డీఫో రాసిన ‘రాబిన్సన్ క్రూసో’. ఆగస్టు నాటికి నాలుగు ముద్రణలు వెలువడ్డాయి. ఆ ఏడాదే మరొకరు దాన్ని కుదించి, టేలర్ అనుమతి లేకుండా అచ్చువేసి అమ్మారు. అక్టోబరు నుంచి ఒక వార్తాపత్రిక ఆ కథను విడతలుగా ప్రచురించడం మొదలుపెట్టింది.

సాహిత్య చరిత్రలో ఈ పుస్తకాన్ని ఆంగ్ల నవలకు నాందిగా చదువుకొంటాం. కాని పుస్తక చరిత్ర విద్యార్థులు వేయవలసిన ప్రశ్నలు వేరు. ఈ పుస్తకాన్ని అచ్చువేసే అధికారం ఎవరికి ఉంది? అచ్చయిన పుస్తకం ఎవరి సొత్తు? 5 షిల్లింగులు పెట్టి కొనగలిగినవారు ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

7.2 అనుమతి చట్టం ముగింపు

1557లో మేరీ రాణి ఇచ్చిన అధికార పత్రం వల్ల లండన్‌లోని స్టేషనర్స్ కంపెనీ అనే వృత్తి సంఘానికి ముద్రణ మీద గట్టి పట్టు దొరికింది. 1662 నాటి ముద్రణ అనుమతి చట్టం ఈ పట్టును మరింత బిగించింది. దాని ప్రకారం ఏ పుస్తకాన్నయినా అచ్చుకు ముందే అధికారులకు చూపించి అనుమతి పొందాలి. లండన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, యార్క్ నగరాలలో తప్ప మరెక్కడా ముద్రణాలయం ఉండకూడదు.

1695లో పార్లమెంటు ఈ చట్టాన్ని పొడిగించలేదు. పత్రికా స్వేచ్ఛపై మక్కువతోనే సభ్యులు ఇలా చేశారని అనుకోవడం పొరపాటు. చట్టం అమలులో ఉన్న ఇబ్బందులు, కొద్దిమంది వ్యాపారుల గుత్తాధిపత్యం వారి అభ్యంతరాలలో ప్రధానమైనవి. తత్త్వవేత్త జాన్ లాక్ కూడా ఈ గుత్తాధిపత్యాన్ని తీవ్రంగా విమర్శించాడు. ఉద్దేశం ఏదైనా ఫలితం మాత్రం పెద్దది. త్వరలోనే బ్రిస్టల్, నార్విచ్ వంటి పట్టణాలలో ముద్రణాలయాలు వెలిశాయి. 1702 మార్చిలో లండన్‌లో తొలి ఆంగ్ల దినపత్రిక ‘డైలీ కూరంట్’ మొదలైంది.

అయితే అచ్చుకు ముందు అనుమతి అక్కరలేదంటే, అచ్చు తరవాత శిక్ష ఉండదని అర్థం కాదు. ఈ తేడాను విద్యార్థులు జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. అధికార చర్చికి చెందిన తీవ్రవాదులను ఎగతాళి చేస్తూ కరపత్రం రాసినందుకు 1703 జులైలో డీఫోను మూడు రోజులపాటు నడిబజారులో బొండకొయ్యలో నిలబెట్టారు. ‘క్రూసో’ వెలువడిన 1719లోనే, నవంబరు నెలలో, పదవీచ్యుతుడైన రాజవంశాన్ని సమర్థించే కరపత్రం అచ్చువేసిన నేరానికి జాన్ మాథ్యూస్ అనే ముద్రాపకుడిని ఉరితీశారు. అతడు ఇరవై ఏళ్లు కూడా నిండని యువకుడు. ఆ కాలపు పుస్తకాలలో చాలావాటిపై రచయిత పేరు ఎందుకు కనిపించదో ఈ రెండు ఉదాహరణలను బట్టి గ్రహించవచ్చు.

7.3 పుస్తకం ఎవరి సొత్తు?

పాత చట్టంతోపాటు పుస్తక విక్రేతలకు ఉన్న రక్షణ కూడా పోయింది. ఒకరు ఖర్చుపెట్టి అచ్చువేసిన పుస్తకాన్ని మరొకరు చవక కాగితంపై వేసి అమ్ముకోసాగారు. విక్రేతలు పార్లమెంటుకు పదేపదే మొరపెట్టుకొన్నారు. ఆ ఒత్తిడి ఫలితమే ఆన్ రాణి కాలపు గ్రంథస్వామ్య చట్టం. ఇది 1710 ఏప్రిల్ 10న అమలులోకి వచ్చింది. దీనిలోని ముఖ్యాంశాలు ఇవి:

1. కొత్త పుస్తకంపై హక్కు మొదట రచయితది. గడువు 14 సంవత్సరాలు. అప్పటికి రచయిత జీవించి ఉంటే మరో 14 సంవత్సరాలు.
2. అప్పటికే అచ్చయి ఉన్న పుస్తకాలపై హక్కుదారులకు 21 సంవత్సరాల గడువు.
3. దొంగ ముద్రణ ప్రతులను నాశనం చేయాలి. దొరికిన ఒక్కొక్క కాగితానికి ఒక పెన్నీ జరిమానా.
4. స్టేషనర్స్ కంపెనీ దస్తరంలో పుస్తకాన్ని నమోదు చేయించాలి. నిర్ణీత గ్రంథాలయాలకు 9 ప్రతులు ఇవ్వాలి.

కొన్ని పుస్తకాలు ఈ చట్టాన్ని 1709 నాటిదనీ, మరికొన్ని 1710 నాటిదనీ రాస్తాయి. దీన్ని చూసి కంగారు పడనక్కరలేదు. ఆ పార్లమెంటు సమావేశాలు 1709 చివరలో మొదలయ్యాయి. సమావేశం మొదలైన కాలాన్ని బట్టి చట్టాలను పేర్కొనడం ఆనాటి పద్ధతి. రాణి ఆమోదం లభించింది మాత్రం 1710 ఏప్రిల్‌లోనే.

చట్టం రచయితను హక్కుదారుగా గుర్తించింది కాబట్టి రచయితలందరూ బాగుపడ్డారని అనుకోరాదు. చాలామంది రచయితలు తమ హక్కును ఒకేసారి కొంత మొత్తానికి పుస్తక విక్రేతకు అమ్మేసేవారు. ఆ తరవాత ఎన్ని ముద్రణలు వచ్చినా లాభం విక్రేతదే. విక్రేతలు ఈ హక్కులను వాటాలుగా విభజించి, తమలో తామే వేలం వేసుకొనేవారు. గడువు ముగిసినా తమకు శాశ్వత హక్కు ఉందని వారు చాలాకాలం వాదించారు. 1774లో ప్రభువుల సభ డొనాల్డ్‌సన్ - బెకెట్ వ్యాజ్యంలో ఆ వాదాన్ని తోసిపుచ్చింది. మరో లోపం కూడా ఉంది. ఈ చట్టం ఐర్లండుకు వర్తించలేదు. అందువల్ల లండన్ పుస్తకాలను డబ్లిన్ ముద్రాపకులు అక్కడ తిరిగి అచ్చువేసి చవకగా అమ్మగలిగేవారు.

7.4 ముద్రణాలయంలో పని

ఆనాటి యంత్రం చెక్కతో చేసింది. దానిని చేతితోనే నడపాలి. అక్షరాలు కూర్చే పనివాడు గళ్ల పెట్టె ముందు నిలబడి సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి వరసలు పేర్చేవాడు. యంత్రం దగ్గర ఇద్దరు పనిచేసేవారు. ఒకడు అక్షరాలకు సిరా అద్దితే, రెండోవాడు తడిపిన కాగితాన్ని ఉంచి మీట లాగేవాడు. ఒక వైపు అచ్చయ్యాక రెండో వైపు అచ్చువేసి, కాగితాలను దండేలపై ఆరవేసేవారు. గంటకు 250 కాగితాలను ఒక వైపు అచ్చువేయడం ఆనాటి లెక్క. ఆచరణలో అంత వేగం అన్నివేళలా సాధ్యమయ్యేది కాదు.

కాగితాన్ని మడిచే తీరును బట్టి పుస్తకం పరిమాణం ఉండేది. ఒక మడత వేస్తే ఫోలియో, అంటే కాగితానికి 4 పుటలు. రెండు మడతలైతే క్వార్టో, 8 పుటలు. మూడు మడతలైతే ఆక్టేవో, 16 పుటలు.

ఒక లెక్క చేసి చూద్దాం. 320 పుటల ఆక్టేవో పుస్తకానికి 320ని 16తో భాగిస్తే 20 కాగితాలు కావాలి. వెయ్యి ప్రతులకు 20,000 కాగితాలు. రెండు వైపులా అచ్చు కాబట్టి 40,000 ముద్రలు. గంటకు 250 చొప్పున ఒక యంత్రంపై 160 గంటల పని. ఇది అక్షరాల కూర్పు, దిద్దుబాటు, ఆరబెట్టడం, కుట్టడం కలపకుండా వేసిన లెక్క.

పాత గుడ్డపీలికల నుంచి తయారయ్యే కాగితానిదే ఖర్చులో పెద్ద వాటా. పైగా అక్షరాలు పరిమితం కాబట్టి కొన్ని పుటలు అచ్చు కాగానే వాటిని విడదీసి తరవాతి పుటలకు వాడేవారు. మళ్లీ ముద్రించాలంటే మొత్తం కొత్తగా కూర్చవలసిందే. ఎక్కువ ప్రతులు వేస్తే కాగితం పెట్టుబడి ఇరుక్కుపోతుంది. తక్కువ వేస్తే కూర్పు ఖర్చు మళ్లీ భరించాలి. ప్రతి పుస్తకం విక్రేతకు ఒక జూదం వంటిదే.

7.5 ధరలు, పాఠకులు

ఆనాటి నాణేల లెక్కలో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. పల్లెల్లో వ్యవసాయ కూలీకి రోజుకు దాదాపు ఒక షిల్లింగు వచ్చేది. అంటే ‘క్రూసో’ కొనాలంటే అతడు తిండీతిప్పలు మాని ఐదు రోజుల కూలి పెట్టాలి. 1726లో రెండు సంపుటాలుగా వచ్చిన ‘గలివర్ యాత్రలు’ ధర 8 షిల్లింగుల 6 పెన్నీలు. కాబట్టి ఇవి స్థితిమంతులకు, వర్తకులకు, వృత్తినిపుణులకు అందుబాటులో ఉన్న పుస్తకాలు. సామాన్యులకు దొరికేవి ఊరూరా తిరిగే చిల్లర వ్యాపారులు అమ్మే, పెన్నీకో రెండు పెన్నీలకో వచ్చే చిన్న కథల పుస్తకాలు, పాటల కాగితాలు, పంచాంగాలు.

కొన్నవారే పాఠకులని భావించరాదు. కాఫీ హౌస్‌లలో ఒక్క పత్రికను ఎందరో చదివేవారు. 1711 మార్చిలో ఆడిసన్, స్టీల్ ప్రారంభించిన ‘స్పెక్టేటర్’ పత్రిక ధర ఒక పెన్నీ. రోజుకు 3,000 ప్రతులు పోతున్నాయని, ప్రతికి 20 మంది చొప్పున పాఠకులు ఉంటారని ఆడిసన్ ఆ పత్రికలోనే లెక్కకట్టాడు. అది సంపాదకుడి లెక్క కనుక కొంత తగ్గించి తీసుకోవడం మంచిది. 1712లో ప్రభుత్వం పత్రికలపై స్టాంపు పన్ను విధించగానే దాని ధర రెండు పెన్నీలైంది. డిసెంబరులో పత్రిక నిలిచిపోయింది. అనుమతి చట్టం లేకపోయినా పన్నుతో పత్రికలను అదుపు చేయవచ్చని పాలకులు గ్రహించారు.

ఖరీదైన పుస్తకాలకు చందా పద్ధతి ఉండేది. కవి అలెగ్జాండర్ పోప్ హోమర్ ‘ఇలియడ్’ను ఆంగ్లంలోకి అనువదించి 1715 - 1720 మధ్య ఆరు సంపుటాలుగా వెలువరించాడు. సంపుటానికి ఒక గినీ చొప్పున చందా. 575 మంది చందాదారులు చేరారు. ప్రచురణకర్త బెర్నార్డ్ లింటాట్ ఇచ్చిన సొమ్ముతో కలిపి పోప్‌కు సుమారు 5,000 పౌండ్లు లభించాయి. ప్రభువుల ప్రాపకం మీద ఆధారపడకుండా ఒక కవి కలంతో జీవించగలిగాడు. ఇది ఆ కాలంలో అరుదైన విషయం.

7.6 ఎలాంటి పుస్తకాలు?

నేడు మనం గుర్తుంచుకొన్న నవలలు ఆనాటి ప్రచురణలో చిన్న భాగం మాత్రమే. మత గ్రంథాలది, ముఖ్యంగా ఉపన్యాసాలది, అగ్రస్థానం. విజ్ఞాన గ్రంథాలలో న్యూటన్ కాంతి శాస్త్రం 1704లో లాటిన్‌లో కాక ఆంగ్లంలో వెలువడింది. ఈఫ్రయిమ్ చేంబర్స్ విజ్ఞాన సర్వస్వం 1728లో రెండు ఫోలియో సంపుటాలుగా వచ్చింది. నికొలస్ రో సంపాదకత్వంలో షేక్‌స్పియర్ నాటకాలను 1709లో జేకబ్ టాన్సన్ ప్రచురించాడు. బరువైన ఫోలియోకు బదులు చేతిలో ఇమిడే ఆక్టేవో రూపం రావడంతో ఇంట్లో కూర్చుని నాటకం చదువుకొనే వీలు పెరిగింది. ఎలిజా హేవుడ్ వంటి రచయిత్రులు నవలా రచనతో జీవనం సాగించారు.

మనకూ ఇక్కడ ఒక సంబంధం ఉంది. 1698లో లండన్‌లో ఏర్పడిన క్రైస్తవ విజ్ఞాన ప్రచార సంఘం పుస్తకాలు అచ్చువేయడంతోపాటు తరంగంబాడి మిషనరీలకు ముద్రణ యంత్రాన్ని కూడా పంపింది. ఆ సంఘం తోడ్పాటుతో మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్, జర్మనీ తిరిగి వెళ్లాక 1746లో హాలె నగరంలో తెలుగు పుస్తకాలను అచ్చు వేయించాడు.

7.7 ముఖపత్రాన్ని చదవడం

నా బోధనానుభవంలో విద్యార్థులు ఎక్కువగా తడబడింది ఇక్కడే. ముఖపత్రం అడుగున ఉండే రెండు మూడు పంక్తులను వదిలివేయకండి. ‘ఫలానావారు ముద్రించినది’ అని ఉంటే ఆ పేరు ముద్రాపకుడిది. ‘ఫలానావారి కోసం ముద్రించినది’ అని ఉంటే ఆ పేరు పెట్టుబడి పెట్టి హక్కు కలిగి ఉన్న విక్రేతది. ‘ఫలానావారి వద్ద దొరుకును’ అని ఉంటే అతడు కేవలం అమ్మేవాడు కావచ్చు.

మరో మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ప్రమాదకరమైన పుస్తకాలపై ఊరి పేరు, ముద్రాపకుడి పేరు అబద్ధం కావచ్చు. రెండోది, ‘రెండో ముద్రణ’ అన్నది ఒక్కోసారి అమ్ముడుపోని పాత కాగితాలకు తగిలించిన కొత్త ముఖపత్రం మాత్రమే కావచ్చు. మూడోది, ముద్రిత పాఠమంతా రచయిత రాసిందే అని నమ్మరాదు. ‘గలివర్ యాత్రలు’ రాతప్రతి రహస్యంగా ప్రచురణకర్త బెంజమిన్ మాట్‌కు చేరింది. శిక్షకు భయపడి అతడు కొన్ని భాగాలను మార్చాడు. జొనాథన్ స్విఫ్ట్ దీనిపై అసంతృప్తి చెందాడు. 1735 నాటి డబ్లిన్ ముద్రణలో ఎన్నో దిద్దుబాట్లు చోటుచేసుకొన్నాయి. కాబట్టి మీరు చదువుతున్నది ఏ ముద్రణ పాఠమో ముందుగా తెలుసుకోండి.

7.8 సారాంశం

1695లో అనుమతి చట్టం ముగియడంతో ముద్రణ లండన్ దాటి విస్తరించింది. 1710 చట్టం రచయిత హక్కును తొలిసారిగా గుర్తించినా, ఆచరణలో ఎక్కువ లాభం విక్రేతలకే దక్కింది. అచ్చుకు ముందు నియంత్రణ పోయినా శిక్షలు, పన్నులు కొనసాగాయి. పుస్తకాల ధర సామాన్యుడికి అందకపోయినా కాఫీ హౌస్‌లు, చవక పుస్తకాలు పాఠకులను పెంచాయి. ఒక పుస్తకం వెనుక రచయిత ఒక్కడే కాదు, పెట్టుబడి పెట్టినవాడు, అక్షరాలు కూర్చినవాడు, కొన్నిసార్లు దాని కోసం ప్రాణం పోగొట్టుకొన్నవాడు కూడా ఉంటారు.

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1710 చట్టం ప్రకారం కొత్త పుస్తకంపై గరిష్ఠంగా ఎన్ని సంవత్సరాల హక్కు ఉంటుంది?
2. 480 పుటల ఆక్టేవో పుస్తకం ఒక ప్రతికి ఎన్ని కాగితాలు కావాలి?
3. ‘స్పెక్టేటర్’ ధర రెట్టింపు కావడానికి కారణం ఏమిటి?

సమాధానాలు: 1. 28 సంవత్సరాలు (రచయిత జీవించి ఉంటే). 2. 30 కాగితాలు. 3. 1712 నాటి స్టాంపు పన్ను.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ. కింది ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1710 గ్రంథస్వామ్య చట్టం రచయితలకు ఎంతవరకు మేలు చేసిందో చర్చించండి.

ఆ. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చందా పద్ధతిలో పుస్తక ప్రచురణ
2. ‘అచ్చుకు ముందు అనుమతి’కి, ‘అచ్చు తరవాత శిక్ష’కు గల తేడా