ధాన్యము నిలువయా, డిపాజిట్టా?

కోతకాలమున ధాన్యము నమ్మి ఆ సొమ్మును సంఘమున డిపాజిట్టు చేయుట మేలా, గిడ్డంగిలో నిలువయుంచి ధర హెచ్చిన పిమ్మట నమ్ముట మేలా యని సభ్యులు మమ్ము తరచుగా నడుగుచుందురు. ఒక రైతు ఎనిమిదేండ్ల లెక్క వ్రాసికొనెననుకొందము. అందు ఆరేండ్లు నిలువయే గెలిచినది. ఇంతమాత్రము చాలునా?

ముందుగా రెండింటికిని భేదము లేదని యూహింపవలెను. అట్లయినచో ఏ యేటి గెలుపైనను రూపాయి నెగురవేసినట్లే, బొమ్మయో, బొరుసో. ఎనిమిది మారు లెగురవేసినచో 256 విధములుగా పడవచ్చును. అందు ఆరుగాని అంతకు మించిగాని బొమ్మలు పడు విధములు 28, 8, 1 కలిసి 37. అనగా నూటికి 14. కేవలము అదృష్టమే యింతపని చేయగలదు గనుక ఊహను త్రోసివేయుటకు సాక్ష్యము చాలదు. ఏడేండ్లు గెలిచియున్నచో 9 విధములే, నూటికి 4 కంటె తక్కువ. అయితే ఏది గెలిచినను సరేయని చూచువారు దీనిని రెట్టింపు చేయవలెను. మేము అట్లే చేయుదుము. ఇరువదింట ఒకటికి లోబడిననే ఊహను విడుచుట ఫిషరు పండితుని 1925 నాటి గ్రంథముతో వాడుకయైనది.

ఈ పరీక్ష గెలుపులను లెక్కించునేగాని వాని పరిమాణమును గాదు. ఆరేండ్ల స్వల్పలాభము ఒక్కయేటి ధరపాటున హరించిపోవచ్చును. సగటు భేదమును కొలది లెక్కలతోనే తూచు పద్ధతిని 1908లో డబ్లిను నగరపు గిన్నెస్ బీరు కార్ఖానా యుద్యోగి గాసెట్, "స్టూడెంటు" అను మారుపేరుతో ప్రకటించెను. దానికైనను క్వింటాలు కెంత మిగిలెనో ఏటేట వ్రాసియుండవలెను. ఎండుదల, ఎలుకల నష్టము, గిడ్డంగి అద్దె తీసివేయని లెక్కలో నిలువ ఎప్పుడును గెలుచుచునే యుండును.