గోడకన్నా ముందు లేచే గోడ

మడకశిరలో ఏ వీధిలోనైనా కొత్తిల్లు లేస్తుంటే ఈ దృశ్యం కనబడుతుంది. స్లాబు పోశారు, సెంట్రింగు విప్పేశారు. బాత్రూము పైపుకు దారి వెతుకుతూ ప్లంబరు వచ్చాడు. దారికి అడ్డంగా బీము. "అన్నా, ఈడ కొంచెం కొట్టేదా?" అని అడుగుతాడు. మేస్త్రీ తల గోక్కుంటాడు. బీము గీసినవారొకరు, పైపు గీసినవారొకరు. రెండు గీతలూ గుద్దుకుంటాయని కాంక్రీటు గట్టిపడేదాకా ఎవరికీ తెలియలేదు.

ఈ తగవును తెరమీదే తేల్చేసే పద్ధతి బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, పొట్టిగా బిమ్. దాని బీజం 1975లో పడింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న చార్లెస్ ఈస్ట్‌మన్, ఒకే గోడను ప్లానులో ఒకసారి, సెక్షనులో ఒకసారి, ఎలివేషనులో మరోసారి ఎందుకు గీయాలని అడిగాడు. గోడ జరిగితే అన్ని కాగితాలూ దిద్దాలి. ఒక్కటి మరిచినా పనిచోట పొరపాటే. దానికి బదులు కట్టడాన్నే కంప్యూటరులో ఒకసారి వర్ణించి, బొమ్మలన్నీ అందులోంచే తీసుకుందామన్నాడు.

ఆ ఆలోచనను మామూలు ఆఫీసు బల్లమీదికి తెచ్చినవారిలో ముందువరుస హంగరీవాళ్లది. గాబోర్ బోయార్ 1982లో బుడాపెస్ట్‌లో పెట్టిన గ్రాఫిసాఫ్ట్ సంస్థ, ఆపిల్ కంప్యూటర్ల మీద నడిచే ఆర్కికాడ్‌ను తయారుచేసింది. 2000లో అమెరికాలో రివిట్ వచ్చింది. రెండేళ్లకే ఆటోడెస్క్ దాన్ని కొనేసింది. 2016 నుంచి బ్రిటన్ తన కేంద్ర ప్రభుత్వ నిర్మాణాలకు బిమ్‌ను తప్పనిసరి చేసింది. మన దేశంలో నాగపూర్ మెట్రో దీన్ని వాడుకుంది.

పాత డ్రాయింగులో తలుపంటే నాలుగు గీతలు. ఇక్కడ తలుపు తలుపే. దాని కొలత, కలప, ధర, ఏ గోడలో ఉందో అన్నీ దానికి తెలుసు. గోడ జరిపితే తలుపూ జరుగుతుంది, ప్లానూ మారుతుంది, ఇటుకల లెక్కా మారుతుంది. బీమును పైపు తాకితే మోడల్ ముందే చూపిస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తులకు పనుల తేదీలు కలిపితే నాలుగో కొలత, ఖర్చు కలిపితే ఐదోది.

మరి లోటు? సాఫ్టువేరుకు ఏటేటా చందా, శక్తిమంతమైన కంప్యూటరు, నేర్చుకోవడానికి నెలలు. ఊళ్లో రెండంతస్తుల ఇల్లు గీసే ఇంజనీరుకు ఇది గిట్టుబాటు కాదు. ఒక సాఫ్టువేరులో కట్టిన మోడల్ ఇంకోదాంట్లో తెరిస్తే కొంత సమాచారం జారిపోతుంది. అందుకే ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి భాష పుట్టింది, 2013లో అంతర్జాతీయ ప్రమాణమైంది. అయినా జారుడు పూర్తిగా ఆగలేదు.

అసలు ప్రమాదం నమ్మకంలో ఉంది. తెరమీద అంత చక్కగా కనబడేది తప్పెలా అవుతుందనిపిస్తుంది. కానీ నేల అడుగు సంగతి మడకశిర రైతును అడగండి. పక్కపక్కనే రెండు బోర్లు వేస్తే ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో రాతిదుమ్ము. పునాది గుంత కూడా అంతే. ఒక మూల మన్ను, ఇంకో మూల బండ తగులుతుంది. మట్టి పరీక్ష చెప్పిందే మోడల్‌కు తెలుసు, మిగతాది అది ఊహించదు.

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ భవనం విషయంలో ఇంకో వింత జరిగింది. సీలింగు పైన గొట్టాలన్నీ మోడల్‌లో ఇరుకుగా, కానీ సరిగ్గా ఇమిడాయి. అయితే ఒక వరుసక్రమంలో బిగిస్తేనే పడతాయి. ఆ మాట కాంట్రాక్టరుకు ఎవరూ చెప్పలేదు. దాదాపు 70 శాతం పని అయ్యాక చోటు చాలలేదు. దావా నడిచి, రాజీతో ముగిసింది. ఏది ఎక్కడుండాలో మోడల్‌కు తెలుసు. ఏది ముందో చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు.

అందుకే మోడల్ కట్టే ఇంజనీరు సెంట్రింగు వేయకముందే ఒకసారి ప్లంబరును తెర ముందు కూర్చోబెట్టుకోవాలి. "అన్నా, నువ్వయితే ఏది ముందు బిగిస్తావు?" అని అడగాలి.