అవ్వ గోడ మీద నీటి గీత

"ఏం నాయనా, మళ్లా కొలతలకు వచ్చినారా?"

అనంతపురంలో నడిమి వంక గట్టున ఫోన్ పట్టుకుని నిలబడితే నాకు ఎదురైన మొదటి ప్రశ్న ఇది. అడిగింది గడప మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్న ఒక అవ్వ. "కాదవ్వా, ఊరికే ఫొటోలు తీసుకుంటాండా" అన్నాను. "ఊరికే ఎవురు తీస్తారు?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

వంక అంటే మా సీమలో వానొస్తేనే పారే చిన్న ఏరు. ఊరి నడుమ నుంచి పోతుంది కాబట్టి ఇది నడిమి వంక. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇందులో మురుగే కనిపిస్తుంది. వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు ఉండే కరువు జిల్లా మాది. అందుకే వంకను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గట్టు పక్కన ముందు గుడిసెలు, తర్వాత రేకుల ఇళ్లు, ఆ తర్వాత మిద్దెలు వచ్చాయి.

2022 అక్టోబరులో వంక తన దారి తాను వెతుక్కుంది. భారీ వానలకు పొంగి కాలనీల మీద పడింది. కరువుకు పేరు పడిన ఊళ్లో జనాన్ని బయటికి తేవడానికి పడవలు తిరిగాయి! ఆ వీడియోలు మీ వాట్సాప్‌లోకి కూడా వచ్చే ఉంటాయి. ఆ తర్వాతే వంకకు రక్షణ గోడల పనులు, గట్టును బాగుచేయాలన్న మాటలు ఊపందుకున్నాయి. నేను ఫొటోలు మొదలుపెట్టింది కూడా అందుకే. ఊరు మారుతోంది, ఎవరో ఒకరు రికార్డ్ చేయాలి కదా అనుకున్నా.

నేను చేసిన తప్పు

మొదటి రోజు వైడ్ యాంగిల్‌లో ఒక ఫొటో తీశా. ముందు చెత్త, వెనక అవ్వ ఇల్లు. కాంట్రాస్ట్ పెంచి, "ఇది వంకా, డ్రైనేజీనా?" అని ఇన్‌స్టాలో పెట్టా. లైకులు బాగానే వచ్చాయి. కింద కామెంట్లు మాత్రం "ఆ ఇళ్లన్నీ కొట్టేస్తే సరి" అన్న టైపులో ఉన్నాయి. వారం తర్వాత వెళితే అవ్వ మనవడు అదే ఫొటో చూపించి, "అన్నా, మా ఇల్లు చెత్తలో ఉన్నట్టు తీసినావే" అన్నాడు.

నిజమే. వైడ్ లెన్స్ దగ్గరున్న చెత్తను పెద్దది చేసి, దూరంగా ఉన్న ఇంటిని చిన్నది చేసింది. మిగతాది నా ఫిల్టర్, నా క్యాప్షన్ చేశాయి. అక్కడే డిలీట్ చేశా.

అప్పుడు అవ్వ నన్ను లోపలికి పిలిచి గోడ చూపించింది. నా భుజం ఎత్తులో ఒక మట్టి గీత. వరద నీళ్లు అక్కడిదాకా వచ్చి ఆగాయి. "పండక్కు సున్నం కొడతారు. అంతకుముందే దీన్ని తియ్యి. రేపు ఎవురన్నా అడిగితే చూపీడానికి ఉండల్ల" అంది. ఇంటి ముందు మెట్ల మీద ఎర్ర రంగు మార్కు ఉంది. గోడ పని వస్తే మెట్లు, పక్కనున్న వంటిల్లు పోతాయని ఆమె భయం. గోడ వద్దని ఆమె అనలేదు. "గోడ కట్టల్ల. మళ్లా నీళ్లొస్తే యాడికి పోతాం? మేముండేదాన్ని కూడా లెక్కలో రాసుకోమను, అంతే."

ఫొటో సాక్ష్యం కావాలంటే

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. మీ ఊళ్లో కాలువ గట్టో, పాత బజారో మారుతుంటే మీకూ పనికొస్తుంది.

ఒకే చోట నిలబడి, ఒకే ఎత్తులో, 1ఎక్స్‌లోనే తీయండి. గ్రిడ్ ఆన్ చేసి ఒక కరెంటు స్తంభాన్ని గుర్తుగా పెట్టుకుంటే, నెల తర్వాత అదే ఫ్రేమ్ దొరుకుతుంది. ఉదయం ఏటవాలు వెలుతురులో గోడ మీది గీతలు బాగా తేలుతాయి. కొలత తెలియడానికి పక్కన బిందె లాంటి వస్తువు పెట్టండి. ఫిల్టర్లు వద్దు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే క్వాలిటీ తగ్గుతుంది, తేదీ లాంటి వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. లొకేషన్ ఉన్న ఒరిజినల్‌ను మాత్రం ఇంటివాళ్లకే ఇవ్వండి, పబ్లిక్‌గా పెట్టొద్దు. అన్నిటికంటే ముందు, అడిగి తీయండి.

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని చొంగ్యెచొన్ వాగు గురించి ఈ మధ్యే చదివా. దాని మీదున్న ఫ్లైఓవర్ తీసేసి, 2005లో వాగును మళ్లీ తెరిచారు. ఇప్పుడది టూరిస్టుల సెల్ఫీ స్పాట్. ఒకప్పుడు ఆ ఒడ్డున ఉన్న పేదల బస్తీని 1970ల్లో ఫొటోలు తీసిన జపాన్ మనిషి నొమురా మొతొయుకి. తర్వాత వాటిని ఆ నగరానికే ఇచ్చారు. బస్తీ లేదు, ఫొటోలు ఉన్నాయి.

మా ఊరి పేరులోనూ నీళ్లున్నాయి. 14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి కట్టించిన అనంతసాగరం చెరువు వల్లే ఇది అనంతపురమైంది. చెరువు కట్టించినవాళ్ల పేర్లు చరిత్రలో మిగిలాయి. గట్టున బతికినవాళ్లవి ఎవరు రాస్తారు?

నీటి గీత ఫొటో ప్రింట్ తీసి అవ్వకిచ్చా. రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. పండక్కు గోడకు సున్నం పడింది, గీత పోయింది. ఎర్ర మార్కు ఇంకా మెట్ల మీదే ఉంది.

మొన్న వెళ్లినప్పుడు అవ్వ చీర సర్దుకుని మెట్ల మీద కూర్చుంది. "గోడలు చాల్లే నాయనా. ఈ తూరి నన్ను తియ్యి. మెట్లు కూడా పడల్ల."

రెండూ పడేలా తీశా.