వైర్‌లెస్ డ్రైవర్ ఫోర్క్: లైసెన్సు, నిర్వహణ బాధ్యత

ఒకరు రచించిన సోర్స్ కోడ్‌ను మరొకరు స్వీకరించి వేరుగా అభివృద్ధి చేయడాన్ని ఓపెన్ సోర్స్ రంగంలో ‘ఫోర్క్’ అంటారు. లైసెన్సు అనుమతి ఉన్నప్పటికీ ఇందులో వివాదాలు తలెత్తుతాయనడానికి అథెరోస్ వైర్‌లెస్ చిప్‌ల డ్రైవర్ చరిత్ర నిదర్శనం.

లినక్స్‌కు చెందిన మ్యాడ్‌వైఫై డ్రైవర్‌లో హార్డ్‌వేర్‌ను నియంత్రించే భాగానికి సోర్స్ కోడ్ అప్పట్లో వెల్లడి కాలేదు. దానికి ప్రత్యామ్నాయాన్ని రైక్ ఫ్లోటర్ ఓపెన్‌బీఎస్‌డీ కోసం రచించి, ఐఎస్‌సీ లైసెన్సుతో విడుదల చేశారు. ఆ కోడ్ ఆధారంగా లినక్స్‌లో ఏటీహెచ్5కే డ్రైవర్ రూపొందుతుండగా, 2007లో కొన్ని ఫైళ్లను జీపీఎల్ లైసెన్సు కిందకు మార్చే ప్రతిపాదన వచ్చింది. మూలరచయిత లైసెన్సు ప్రకటనను తొలగించే హక్కు ఇతరులకు లేదని ఓపెన్‌బీఎస్‌డీ సారథి థియో డి రాడ్ట్ ఆక్షేపించారు.

ఈ వివాదంలో నిర్వహణ సమస్య కూడా ఇమిడి ఉంది. ఐఎస్‌సీ కోడ్‌ను జీపీఎల్ ప్రాజెక్టు వినియోగించుకోగలదు. జీపీఎల్ కింద చేరిన సవరణలను మాత్రం ఐఎస్‌సీ లైసెన్సునే కొనసాగించదలచిన మూల ప్రాజెక్టు స్వీకరించలేదు. అప్పుడు ఒకే దోషాన్ని రెండు బృందాలు వేర్వేరుగా సరిదిద్దవలసి వస్తుంది.

మూల ప్రకటనలను యథాతథంగా నిలపాలని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ అదే ఏడాది మార్గదర్శకాలు వెలువరించింది. 2008లో లినక్స్ 2.6.25లో చేరిన ఈ డ్రైవర్‌లో హార్డ్‌వేర్ నియంత్రణ ఫైళ్లు ఐఎస్‌సీ లైసెన్సుతోనే నిలిచాయి. కావున ఫోర్క్ చేసేవారు లైసెన్సు అనుమతితో పాటు, తమ సవరణలు మూలానికి తిరిగి చేరే మార్గాన్నీ ముందుగానే నిర్ణయించుకోవాలి.